ఇప్పుకున్న ఇల్లు: సాహిత్య ఉత్సవంలో నా అనుభవం

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, కొల్లాపూర్ వైపు కృష్ణానదికి దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు ఉపాధ్యాయురాలిని. దక్షిణ తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయం ఏటా రెండు రోజుల పాటు జరిపే సాహిత్య ఉత్సవానికి ఆరేళ్లు శ్రోతగా వెళ్లాను. వెనక వరుసలో కూర్చొని ఉపన్యాసాలు రాసుకోవడం, రెండు మూడు పుస్తకాలు కొనుక్కొని సాయంత్రం బస్సుకు ఇల్లు చేరడం, అంతవరకే నా పని. 2023 ఆగస్టులో అక్కడి తెలుగు శాఖ నుంచి మా పాఠశాలకు ఒక ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా రచయితలకు, పాఠకులకు మాత్రమే చోటున్న ఉత్సవంలో ఇకనుంచి కుటుంబాలకు కూడా ఒక విభాగం ఉంటుందని, పిల్లలు తమ ఇళ్లలోని పెద్దల దగ్గర కథలు సేకరించి తీసుకురావాలని, ఆ కథలు చెప్పిన పెద్దలు కూడా పిల్లలతో పాటు వచ్చి సభలో కూర్చోవాలని అందులో రాశారు. మా మండలం బాధ్యత నాకు అప్పగించారు.

సెప్టెంబరులో జరిగిన సన్నాహక సమావేశానికి వివిధ మండలాల నుంచి పదకొండు మంది ఉపాధ్యాయులం వెళ్లాం. ఆచార్యులు ఒకరు మాకు పని వివరిస్తూ సురవరం ప్రతాపరెడ్డి గారిని తలచుకున్నారు. తెలంగాణలో తెలుగు కవులు పూజ్యమన్న, అంటే లేనే లేరన్న మాటకు జవాబుగా సురవరం వారు ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన సంగతి తెలుగు చదువుకున్న మా అందరికీ తెలిసినదే. అయితే ఆ పనిని ఒక పద్ధతిగా, అంటే ఒక ప్రాంతంలో ఏముందో తెలుసుకోవడానికి ఆ ప్రాంతాన్నే అడగడంగా ఆయన వివరించినప్పుడు నాకు అది కొత్తగా వినిపించింది. "ఆనాడు పద్యాలు రాసినవారిని అడిగారు. ఇప్పుడు మీరు, రాయడం రానివారిని అడగాలి" అని ఆయన మాట ముగించారు. ఆ వాక్యాన్ని నా పుస్తకంలో రాసుకొని కింద గీత కూడా గీసుకున్నాను. రాసుకున్నాను కానీ, దాని ప్రకారం నడుచుకోలేదు.

పదో తరగతి పిల్లలకు మార్చిలో పరీక్షలుంటాయి కనుక వారిని వదిలి, ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే నలభై ఒక్క మందికి పని అప్పగించాను. ఇంట్లో ఎవరైనా ఒకరిని ఒక కథ అడగాలి. అది రాజుల కథైనా, ఊరి కథైనా, వారి సొంత కథైనా సరే. వీలుంటే సెల్‌ఫోనులో రికార్డు చేయాలి, తరువాత దాన్ని కాగితం మీద రాయాలి. మొదటి వారం పిల్లలు తెచ్చినవన్నీ పాఠ్యపుస్తకంలోనివో, టీవీలో చూసినవో. అడగడం రాకపోవడమే దానికి కారణమని నాకు కొంత ఆలస్యంగా అర్థమైంది. "అవ్వా, ఒక కథ చెప్పు" అంటే ఏ అవ్వైనా "నాకేం కథలొస్తయి బిడ్డా" అనే అంటుంది. ప్రశ్న మార్చాం. నీ పెండ్లి నాడు ఏం వండిండ్రు, కరువు కాలంలో ఏం తిన్నరు, బొంబాయికి మొదటిసారి ఎట్ల పోయిండ్రు, కురుమూర్తి జాతరకు బండి కట్టుకొని పోయినప్పుడు దారిలో ఏం జరిగింది, ఇట్లాంటివి అడగమన్నాను. దసరా సెలవులు ముగిసేసరికి అరవై మూడు కథలు చేరాయి.

ఆ కథల్లో కొన్నింటిని ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. కురుమూర్తి స్వామికి ఏటా చేసే ఉద్దాలను, అంటే పాదుకలను ఎంత నిష్ఠతో తయారు చేస్తారో, ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ ఎట్లా ఉపవాసాలుంటారో వాళ్ల బంధువుల ఇంట చూసి వచ్చిన ఒక తాత చెప్పాడు. కూలీలను దూరప్రాంత పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర ముందుగా డబ్బు తీసుకొని భార్యాభర్తలిద్దరూ ఆనకట్టల పనులకు వెళ్లిన రోజుల్లో, ఊళ్లో ముసలమ్మ దగ్గర వదిలిన పసిబిడ్డ తల్లిని గుర్తుపట్టక ఏడ్చిన సంగతిని ఒక నాయనమ్మ చెప్పింది. ఆ పసిబిడ్డ ఎవరో కాదు, కథ తెచ్చిన పిల్లవాడి తండ్రే. వాడికి అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. మరో అమ్మాయి తన అమ్మమ్మ దగ్గర వరి నాట్ల పాట రికార్డు చేసింది. పాట మధ్యలో మేక అరుపు, పక్కింటివాళ్ల పిలుపు, వాటికి అమ్మమ్మ ఇచ్చిన జవాబు, మళ్లీ అదే చోట అందుకున్న పాట, అన్నీ అందులో ఉన్నాయి.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె తెచ్చిన కథ గురించే నేను ఎక్కువగా చెప్పాలి. ఆమె అవ్వ పుట్టినది వేరే ఊరే అయినా, కాపురానికి వచ్చిన ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. ఆ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగి, 1981 నాటికి ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ ఒడ్డున ఇటు మా జిల్లాలో, అటు కర్నూలు జిల్లాలో ఎన్నో ఊళ్లు నీటి కిందికి పోయాయి. మా పాఠశాల ఉన్న ఊళ్లోనే అట్లా లేచి వచ్చిన కుటుంబాలు పాతిక వరకు ఉన్నాయి. పదిహేడేళ్లుగా ఈ ఊళ్లో పాఠాలు చెబుతూ కూడా ఆ సంగతి వారినెవరినీ నేను అడిగి ఉండలేదు.

పుస్తకంగా వేయడానికి పన్నెండు కథలు ఎంచుకున్నాను. ఈ అవ్వ కథ వాటిలో మొదటిది. పిల్లలు రాసిన కాగితాలను ముందు పెట్టుకొని, ప్రతి వాక్యాన్నీ దిద్దాను. బాయిని బావి చేశాను. వోయినం అన్న చోట వెళ్లాము అని రాశాను. తిరిగి తిరిగి వచ్చే మాటలు తీసేశాను, కథకు అవసరం లేవనిపించిన వివరాలు కొట్టేశాను. పిల్లల తప్పులు దిద్దడం నా వృత్తి, విశ్వవిద్యాలయంలో పదిమంది ముందు చదవబోయే మాట శుభ్రంగా ఉండాలన్నది నా నమ్మకం. ఆ పని చేస్తున్నంతసేపూ ఆ కుటుంబాలకు గౌరవం తెస్తున్నాననే అనుకున్నాను. దిద్దిన తరువాత అవ్వ కథ ఇట్లా తయారైంది:

"ప్రాజెక్టు నిర్మాణం వలన మా గ్రామం ముంపునకు గురైంది. మేము మా ఇంటిని కూల్చివేసి, సామగ్రిని ఎడ్లబండిపై తరలించాము. బయలుదేరే ముందు జువ్వి చెట్టు సమీపంలోని బావికి నమస్కరించి, ఒక బిందె నీటిని వెంట తీసుకొని వెళ్లాము."

డీటీపీ చేసే కుర్రవాడు అచ్చు పనికి వాడే 'అను' ఫాంట్లలో పనిచేస్తాడు. పిల్లలు ఫోనులో యూనికోడ్‌లో కొట్టి పంపినది అతని కంప్యూటర్‌లో ఒత్తులు ఊడిపోయి కనిపించింది. మార్పిడి చేసినా పొరపాట్లు మిగలడంతో చివరికి అంతా కొత్తగా కొట్టించి, మూడుసార్లు ప్రూఫు చూసి, ముప్పై రెండు పేజీల పుస్తకం రెండు వందల ప్రతులు వేయించాం.

ఉత్సవం తేదీల గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే కుటుంబాలను పిలవడంలో అసలు కష్టం అక్కడే ఉంది. మొదట నవంబరు అనుకున్నారు. నవంబరులో మా వైపు పత్తి తీత ముమ్మరంగా ఉంటుంది, ఆ రోజుల్లో ఒక శని, ఆదివారాలు కూలి పోగొట్టుకొని ఏ తల్లీ సభకు రాదు. ఫిబ్రవరి అయితే బుడ్డలు (వేరుశనగ) పీకే పని ఉంటుంది కానీ అది పత్తి అంత ఒత్తిడి కాదు. మేమంతా ఇదే మాట చెప్పాక నిర్వాహకులు ఫిబ్రవరికి ఒప్పుకున్నారు. జిల్లా విద్యాశాఖ అనుమతి, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, మధ్యాహ్న భోజనం ఏర్పాటు మామూలుగానే జరిగాయి. ఆ లోగా 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. దాని వల్ల మా లెక్కలే మారిపోయాయి. పిల్లలతో పాటు పదిమంది పెద్దలు వస్తే గొప్ప అనుకున్నది, ఇరవై ఏడు మంది తల్లులు, అవ్వలు ఆధార్ కార్డులు కొంగున ముడేసుకొని బస్సు దగ్గరికి వచ్చారు. మగవారు నలుగురే. వారి టికెట్ల డబ్బు మేము ఉపాధ్యాయులం వేసుకున్నాం.

మొదటి రోజు ఉదయం ప్రాంగణమంతా కళకళలాడింది. ప్రధాన మందిరంలో సంస్థానాల సాహిత్యం మీద చర్చ జరుగుతోంది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కవిపండితులను ఎట్లా ఆదరించాయో, తిరుపతి వేంకట కవులు ఆ ఆస్థానాల్లో అవధానాలు చేసినప్పటి ముచ్చట్లేమిటో వక్తలు చక్కగా వివరించారు. పక్క గదిలో పాత పత్రికల ప్రదర్శన పెట్టారు. నల్లగొండ నుంచి 1922లో మొదలైన నీలగిరి పత్రిక, ఆ తరువాత 1926లో వచ్చిన గోలకొండ పత్రిక గురించిన పటాలను మా పిల్లలు ఆగి ఆగి చదివారు. పిల్లల పుస్తకాల దుకాణాల ముందు తల్లులు చాలాసేపు నిలబడ్డారు. ధర అడగడానికి వారు మొహమాటపడడం గమనించి, మధ్యాహ్నం నుంచి దుకాణదారులు ధరలను పెద్ద అక్షరాలతో అట్టల మీద రాసి పెట్టారు. ఈ చిన్న మార్పుతో ఆ సాయంత్రం మా బస్సులో తిరిగి వచ్చిన పుస్తకాలు ముప్పైకి పైనే.

కుటుంబాల విభాగం మూడు గంటలకు మొదలైంది. కుర్చీలు గుండ్రంగా వేశారు, వేదిక లేదు. ఏడో తరగతి అమ్మాయి పుస్తకం తెరిచి తన అవ్వ కథ చదివింది. స్పష్టంగా, ఒక్క ఒత్తు జారకుండా చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. నిర్వాహకులు అవ్వకు శాలువా కప్పి, కథ చెప్పినందుకు రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఆమె మైకు పట్టుకోలేదు. మనవరాలి చేతిలోని పుస్తకం వైపు, తరువాత నా వైపు చూసి నెమ్మదిగా అంది:

"ఇది నా కథ గాదు బిడ్డా. మేం ఇల్లు కూలగొట్టలే. ఇప్పుకున్నం. కూలగొట్టెటందుకు అది పరాయోళ్ల ఇల్లా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆమె గొంతులో కోపం లేదు, నన్ను నొప్పించాలన్న ఉద్దేశం అసలే లేదు. తప్పు దొర్లిన చోట సరిచేసింది, అంతే. నేను మాత్రం ఆ తరువాత చదివిన కథలేవీ సరిగా వినలేకపోయాను. కూల్చడం, విప్పడం నాకు ఒకే పనికి రెండు మాటలుగా తోచాయి. ఒకటి పుస్తకాలలో కనిపించే మాట, మరొకటి ఊళ్లో వినిపించే మాట అనుకున్నాను. నిజానికి అవి రెండు వేరు వేరు పనులు. కూల్చిన ఇల్లు మట్టిలో కలుస్తుంది, విప్పిన ఇల్లు మరో చోట లేస్తుంది. ఆ ఒక్క మాట మార్చి, ఆ కుటుంబం చేసిన పని మొత్తాన్నీ తలకిందులు చేశాను.

ఆ సాయంత్రం బస్సు దిగాక నేరుగా అవ్వ ఇంటికి వెళ్లాను. క్షమించమని అడిగితే ఆమె నవ్వి, "నీకేం తెలుసు బిడ్డా, నువ్వు చూడలే గద" అంది. ముందు చాయ్ తాగమంది. తరువాత లేచి నిలబడి తలుపు చూపించింది. పాత టేకు తలుపు, దాని దర్వాజ, పైన అడ్డంగా దూలం. దూలం చివర ఉలితో పెట్టిన మూడు గాట్లు ఉన్నాయి. దాని పక్క దూలానికి నాలుగు. యాభై ఏళ్లకు పైగా పొగ పట్టి నల్లబడ్డ కర్రలో ఆ గాట్లు వేలికి తగులుతున్నాయి. నేను కొట్టేసిన వివరాలలో ఇదొకటి. ఇంటిని విప్పేటప్పుడు ఏ కర్ర ఎక్కడిదో తెలియడానికి ఆమె మామ పెట్టిన గుర్తులవి. శ్రీశైలం ముంపులో పోవలసిన జటప్రోలు, సోమశిల గుళ్లను, కూడలి సంగమేశ్వరాలయాన్ని రాళ్లకు గుర్తులు వేసి విప్పి, ఎత్తైన చోటికి తరలించి తిరిగి కట్టారని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. అలంపురానికి విహారయాత్ర తీసుకెళ్లినప్పుడు ఆ సంగమేశ్వరాలయం ముందు నిలబెట్టి మరీ చెప్పాను. అదే పనిని చదువులేని ఒక రైతు తన రెండు గదుల ఇంటికి చేసుకున్నాడు. ఆ సంగతి నా చేతికి వచ్చిన కాగితంలో రాసి ఉంటే, అనవసరమని కొట్టేశాను.

అమ్మాయి ఫోనులో రికార్డింగు ఇంకా ఉంది. ముగ్గురం కూర్చొని మొదటి నుంచి విన్నాం. ఒక్కో వాక్యం ఆపి రాసుకున్నాను, రాసినది అవ్వకు చదివి వినిపించాను, ఆమె సరేనన్నాకే తరువాతి వాక్యానికి వెళ్లాను. రాత్రి పదకొండు దాటింది.

ఆ రాతలో నాకు ఎదురైన ఒక సంగతి తెలుగు చెప్పేవారికి ఆసక్తి కలిగిస్తుందని ఇక్కడ చెబుతున్నాను. అవ్వ "దండం పెట్టి" అనదు, "దండం వెట్టి" అంటుంది. "గీతలు వెట్టినం", "ఊరు వోయింది" అంటుంది. నేను ఇవన్నీ ఉచ్చారణ దోషాలుగా భావించి దిద్దాను. కానీ "ప్రథమ మీఁది పరుషములకు గ స డ ద వ లు బహుళంబుగా నగు" అని, అంటే ప్రథమా విభక్తి మాట తరువాత వచ్చే క చ ట త ప లు ఒకచోట గ స డ ద వ లుగా మారతాయని, ఒకచోట మారవని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన సూత్రాన్ని ఏటా పిల్లలతో వల్లె వేయించేదాన్ని నేనే. వారు పోరు అన్నది వారువోరు అవుతుందని నల్లబల్ల మీద ఉదాహరణ రాసేదాన్ని, ఇది పాత కావ్యాల్లోనే కనిపిస్తుందని కూడా చెప్పేదాన్ని. గసడదవాదేశ సంధి మా ఊళ్లో ప్రతి ఇంటి అరుగు మీద బతికే ఉంది. నా చెవి దాన్ని తప్పుగా వింది. ఆ రాత్రి ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నప్పుడు, ఎన్నో ఏళ్లుగా చెబుతున్న పాఠం మొదటిసారి నాకే అర్థమైంది.

మరునాడు విభాగంలో చివరి అరగంట అడిగి తీసుకున్నాను. అచ్చయిన పుస్తకం పక్కన పెట్టి, అమ్మాయి చేతిరాత కాగితం చదివింది:

"నీళ్లు వస్తయి వస్తయని రెండేండ్ల సంది అంటనే ఉన్రు. మేం నమ్మలే. ఏరు ఎప్పుడు రాలే, వచ్చి ఎప్పుడు వోలే? ఇగ ఆ ఏడు మా మామ అన్నడు, ఇల్లు ఇప్పుదమని. ముందుగాల తలుపులు దీసినం. తర్వాత వాసాలు, దూలాలు. ఒక్కొక్క దానికి ఉలితోని గాట్లు వెట్టినం, యాడిది ఆడ వెట్టుకునెటందుకు. రాళ్లు బండిల ఏసినం. పొయ్యి రాళ్లు నేనే ఒళ్లె వెట్టుకున్న. పొయ్యేటప్పుడు జువ్విబాయికి దండం వెట్టి ఒక్క బిందె తోడుకున్నం. ఆ నీళ్లు కొత్త ఊర్ల ఏడు దినాలు తాగినం. ఏడు దినాల తర్వాత బిందె వట్టిగైంది."

చివరి వాక్యం ఇంకా పూర్తి కాలేదు. వెనక వరుసలో ఒక ముసలామె లేచి నిలబడింది. వేరే మండలం నుంచి మనవడితో వచ్చిన మనిషి. మొదటి రోజు కూడా ఆమె అదే గదిలో కూర్చుంది, అదే కథను నా భాషలో విన్నది, చప్పట్లు కూడా కొట్టింది. అప్పుడు ఆమెకు ఏమీ తెలియలేదు. ఇప్పుడు "జువ్విబాయా? ఏ ఊరు అవ్వా మీది?" అని గట్టిగా అడిగింది. మా అవ్వ ఊరి పేరు చెప్పింది. ఆమె ఇద్దరు ముగ్గురిని దాటుకొని ముందుకు వచ్చి, ఎవరి కోడలివని అడిగింది. ఇంటి పేర్లు చెప్పుకున్నారు. ఒకే వాడకట్టు. ఊరు మునిగిన తరువాత ఒకరు ఇటు, ఒకరు వనపర్తి వైపు వెళ్లి, నలభై ఏళ్లకు పైగా ఒకరినొకరు చూసుకోలేదు. నేను "జువ్వి చెట్టు సమీపంలోని బావి" అని రాసినది లోకంలో ఏ బావికైనా సరిపోతుంది. జువ్విబాయి మాత్రం ఒక్కటే.

వాళ్లిద్దరూ ఆ గదిలోనే నేల మీద కూర్చున్నారు. కార్యక్రమం సమయం అయిపోయిందని చెప్పడానికి వచ్చిన నిర్వాహకుడు కాసేపు నిలబడి చూసి, మాట్లాడకుండా వెళ్లి తరువాతి కార్యక్రమాన్ని పక్క గదికి మార్పించాడు. ఆయన చేసిన ఆ పనికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ప్రధాన మందిరంలో ముగింపు సభ జరుగుతున్నంతసేపూ వారు మాట్లాడుకుంటూనే ఉన్నారు. మేము బస్సు సమయం ఐదున్నర నుంచి ఆరుంపావుకు జరుపుకొన్నాం.

మిగిలిన పదకొండు కథల సంగతి నన్ను వదలలేదు. వేసవి సెలవుల్లో ఆ ఇళ్లన్నింటికీ తిరిగి వెళ్లి, నేను దిద్దినవాటిని పెద్దలకు చదివి వినిపించాను. ముగ్గురు బాగానే ఉందన్నారు. ఒక తాత అయితే తన మాట పుస్తకంలో పుస్తకం లెక్కనే ఉండాలని, దిద్దినదే తనకు నచ్చిందని పట్టుబట్టాడు. అది ఆయన కథ, ఆయన ఇష్టం. తక్కిన ఏడుగురి కథలను వారు చెప్పినట్టే మార్చాం. ఆనకట్టల పనుల నుంచి వచ్చిన తల్లిని బిడ్డ గుర్తుపట్టని కథలో నేను "శిశువు రోదించెను" అన్నంత దూరం వెళ్లానని అప్పుడు చూసుకొని చాలా బాధపడ్డాను. ఆ నాయనమ్మ చెప్పింది ఇంతే: "నన్ను జూసి వాడు ఆమె కొంగు వట్టుకుండు."

రెండో ఏడు పనిని మొదటి నుంచి వేరే విధంగా చేశాం. అంగీకార పత్రంలో సంతకం, వేలిముద్రల పైన ఒక వరుస చేర్చాం: మీ కథ మీ మాటల్లో ఉండాలా, పుస్తకం మాటల్లో ఉండాలా అని. అచ్చుకు పోయే ముందు ప్రతి కథను చెప్పినవారికి ఒకసారి చదివి వినిపించాలన్నది నియమం చేశాం. దీనికి ఎక్కువ సమయం పడుతుంది కనుక ఉత్తరాలు ఆగస్టులో కాక జూన్‌లోనే, బడులు తెరిచిన వారానికే పంపమని విశ్వవిద్యాలయాన్ని కోరాం, వారు పంపారు. పలుకుబడిని ఎట్లా రాయాలన్న దాని మీద ఉపాధ్యాయుల మధ్య వాదోపవాదాలు చాలా జరిగాయి. ఒకే మనిషి ఒకచోట "పోయినం" అని, మరోచోట "వోయినం" అని అంటే రెండింటినీ ఒకటి చేయాలని కొందరన్నారు. చేయకూడదని నేనన్నాను. సూత్రంలోనే బహుళమని ఉంది కదా. చివరికి ఎవరు ఎక్కడ ఏమన్నారో అదే అక్కడ రాయాలని తీర్మానించుకున్నాం. పిల్లలు ఈ పనిని నా కంటే త్వరగా నేర్చుకున్నారు, ఎందుకంటే వారికి అది నేర్చుకోవలసిన భాష కాదు.

2025 ఫిబ్రవరిలో ఇద్దరు అవ్వలూ కలిసి ఒకే బస్సులో వచ్చారు. ఒకరు ముందురోజే వనపర్తి వైపు నుంచి వచ్చి, మరొకరి ఇంట్లో, ఆ విప్పి తెచ్చిన తలుపు వెనక పడుకున్నారు. వారు చెబుతుంటే పిల్లలు పెద్ద తెల్లకాగితం మీద ఊరి పటం గీయడం మొదలుపెట్టారు. గుడి, చావడి, ఏటి దారి, కుమ్మరి వాడకట్టు, ఒక్కో ఇల్లు, ఇంటి ముందు చెట్టు ఉంటే చెట్టు. పటాన్ని గోడకు అంటించాక, ఆ ముంపు ఊళ్ల నుంచే వచ్చిన మరికొందరు పక్కన నిలబడి, తమకు గుర్తున్నవి చెప్పి చేర్పించారు. పట్టణంలో చదువుకుంటున్న ఒక యువకుడు తన తాతకు ఫోను చేసి, అవతలి నుంచి వినిపించిన ప్రకారం నాలుగు ఇళ్లు గీశాడు. రెండో రోజు మధ్యాహ్నానికి పటంలో ఇరవై ఆరు ఇళ్లు చేరాయి.

జువ్విబాయి దగ్గర మాత్రం పేచీ తెగలేదు. అది గుడికి తూర్పున ఉందని మా అవ్వ, కాదు, పడమర అని ఆ అవ్వ. ఎవరూ మెట్టు దిగలేదు. ఏది రాయాలని ఏడో తరగతి దాటి ఎనిమిదికి వచ్చిన ఆ అమ్మాయి నన్ను అడిగింది. రెండుచోట్లా రాయమన్నాను. పటం ఇప్పుడు మా తరగతి గదిలో ఉంది, బాయి అందులో ఇంకా రెండుచోట్ల ఉంది.